లేని లోపం మీద వేలు పెట్టాను

ఈ మాటను మోస్తూ ఏళ్లుగా అంగడి తెరుస్తున్నాను, మూస్తున్నాను. ఎక్కడా దించలేదు. నా పేరు అడక్కండి. ధర్మవరంలో పట్టుచీరలు అమ్ముకునేవాణ్ణి, అంతే. నా భార్య ముఖాన్ని ఆమెకు కాకుండా చేసింది నేను. కత్తి పట్టుకున్నది డాక్టరే. ఆయన తప్పేమీ లేదు.

ఫోనులో లైవు పెట్టి చీరలు అమ్మడం మొదలైనప్పుడు, చీర భుజాన వేసుకుని చూపించడానికి మా ఇంట్లో ఆమే నిలబడింది. పెనుకొండ మనిషి. వాళ్ల అవ్వ ముక్కే ఆమెకూ వచ్చింది. పొడుగ్గా, నడుమ కొంచెం ఎత్తుగా ఉండేది. దాని గురించి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. "ఈ రంగు మీ ఆడబిడ్డకు చూపించొద్దండక్కా, ఎత్తుకపోతాది" అంటూ నవ్వించి అమ్మేది. నేను చూపించిన రోజు జనం "అక్క ఎక్కడ?" అని రాసేవాళ్లు. టీ అంగడి దగ్గర ఒకాయన, "ఏమప్పా, ఇంగ నువ్వు మడతలు పెట్టేకే ఉండావా?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేసరికి ఆ నవ్వు కుళ్లిపోయింది.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. నేతగాడు చీర తెస్తే, ధర తగ్గించడానికి, చీరంతా బాగున్నా సరే, ఒకచోట వేలు పెట్టి "ఈడ పోగు తప్పిండాది" అంటాం. వాదించం. వేలు తియ్యం. కాసేపటికి అతనే చీరను వెలుతురుకు పట్టుకుని, లేని తప్పును చూడటం మొదలుపెడతాడు. మా నాయన నేర్పిన విద్య ఇది. దాన్ని నా ఇంట్లో వాడాను.

ఆ మధ్యాహ్నం లైవు అయిపోయింది. ఆమె చీరలు మడత పెడుతోంది.

"ఒక మాట చెప్తా, బాధపడొద్దు" అన్నాను.

"ఏం, మళ్లీ జరీ అసలుదేనా అని అడిగినారా?"

"చీర చూపించమంటే ముక్కు చూపిస్తాండారేమని రాస్తాండారు. కొందరు."

ఆమె నవ్వింది. "నా ముక్కుకేమొచ్చె? యాడ రాసినారు, చూపీ."

"తుడిచేసినా. చదివితే ఏడుస్తావని."

ఆమె చెయ్యి మడత మధ్యలో ఆగింది. "నిజంగానే అంత పెద్దగుండాదా?"

ఆమె ముక్కు వైపే చూశాను. వేలు తియ్యలేదు.

ఎవరూ రాయలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా.

ఆ తర్వాత మెడ దాకా మాత్రమే కనిపించేట్టు ఫోను పెట్టమంది. పెట్టాను. ఎంత చురుగ్గా పెట్టానో తలుచుకుంటే నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది. ముఖం లేకపోయేసరికి ఆమె మాటలూ తగ్గాయి, నవ్వించడం మానేసింది, చీర పట్టుకున్న కొయ్యలా నిలబడేది. అప్పుడు చెప్పొచ్చు కదా? చెప్పలేదు. బెంగళూరులో ముక్కు ఆపరేషను చేయించుకుంటానన్నప్పుడు? అప్పుడూ లేదు. హిందూపురంలో బస్సు దిగి ఇంకో బస్సు కోసం నిలబడినప్పుడు, పోదామా వద్దా అని నన్నే అడిగింది. నీ ఇష్టం అన్నాను. ఎంత పెద్దమనిషినో చూడండి.

ఆపరేషను బాగానే జరిగింది. కొన్ని వారాలు ఆమె అద్దం ముందు పాటలు పాడుకుంది కూడా. బతికిపోయాననుకున్నాను. తర్వాత పెనుకొండకు పోతే, చూపు మందగించిన వాళ్ల అవ్వ ఆమె మొహమంతా తడిమి, "నా ముక్కు యాడ పారేసొస్తివే" అంది. అందరూ నవ్వారు. ఆమె లేచి లోపలికి పోయింది.

ఆ తర్వాత ఆమె కన్ను గడ్డం మీద పడింది. ముక్కు తగ్గేసరికి గడ్డం పెద్దదిగా కనిపిస్తోందట. తర్వాత బుగ్గలు. కిటికీ దగ్గర నిలబడి ఒకే బుగ్గను మళ్లీ మళ్లీ ఫొటో తీసుకునేది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. డాక్టరే, ఇంక కొయ్యడానికేమీ లేదమ్మా, ఒకసారి మనసు డాక్టరుకు చూపించుకోండి అన్నాడు. ఆమె ఇంకో డాక్టరును వెతుక్కుంది. లోపం ముక్కులో ఉంటే కోస్తే పోయేది. నేను పెట్టింది ముక్కులో కాదు. చుట్టాలు ఆడోళ్ల పిచ్చి అన్నారు, ఫోను చెడగొట్టింది అన్నారు. నేను తలూపాను. నా ఒళ్లు మండేది అక్కడే. అబద్ధం చెప్పిన రోజు కంటే, వాళ్ల ముందు తలూపిన రోజుల మీదే నాకు ఎక్కువ కోపం.

పోయిన వారం గడ్డానికి ఆపరేషను ఖాయం చేసుకుని వచ్చింది. ఇక ఆగలేక వంటింట్లో కూర్చోబెట్టి అంతా చెప్పాను. టీ అంగడి మాట, నా కుళ్లు, ఎవరూ రాయని రాతలు. చెంప పగలగొడుతుందనుకున్నాను. పగలగొట్టాలనే కోరుకున్నాను.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "నన్ను ఆపేకి తప్పు నీ మీద ఏసుకుంటాండావు. నువ్వు మంచోడివప్పా. నేనెట్లుంటానో నాకు తెలీదా?"

అబద్ధాన్ని ఆమె ఒక్క మాటకే నమ్మింది. నిజాన్ని ఎన్ని మాటలతోనూ నమ్మడం లేదు. మర్నాడు మళ్లీ చెప్పాను. చాల్లే అంది. ఆ మంచోడు అనే మాట చెప్పు దెబ్బ కంటే గట్టిగా తగిలింది. నేను మంచివాణ్ణి కాను. ఆమె గడ్డం మీద కత్తి పడకముందే ఈ సంగతి ఆమెకు తెలియాలి, తెలియజెప్పే దారి నాకు కనిపించడం లేదు.

రేపు మళ్లీ చెబుతాను. ఎల్లుండి కూడా. నమ్మిన రోజు నన్ను ఇంట్లోంచి గెంటితే గెంటనీ. ఇక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియని మీరు నన్ను ఓదార్చకుండా, మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారు. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికి నాకు హక్కు లేదు. అయినా ఆడుతోంది.