షీషా ఏది?

ఆ రోజుల్లో స్కూటర్ కొన్నవాడు ఒకడైతే ఎక్కేది ఇంటిల్లిపాదీ. తొంభైల మొదట్లో మా చిక్కడపల్లి ఇంట్లో స్కూటర్‌కు నేను డ్రైవర్ని, మా పెద్దక్క శాశ్వత ప్యాసింజర్. చిన్నప్పుడు పోలియో వచ్చి అక్క కుడికాలు సన్నబడింది. రోజూ పొద్దున ఆమెను బషీర్‌బాగ్‌లో ఆఫీసు దగ్గర దింపి నా ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. దారి పొడుగునా వెనక కూర్చుని ఏవేవో చెబుతుండేది. నేను గుంతలు చూసుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి (నా డైరీల్లో నారాయణగూడ గుంతలు కూడా ఉన్నాయి, ఆ మాటలే లేవు).

అంతలో నాకు వరంగల్ బదిలీ అయింది. తననెవరు దింపుతారని అక్క అడగలేదు. "బండికి పక్క చక్రాలు పెట్టియ్యిరా, నేనే పోత" అంది. "నలుగురు చూస్తే ఏమనుకుంటరే?" అని అమ్మ గొణిగితే, "చూసి పక్కకు జరుగుతరమ్మా, హారన్ ఉంటది గద" అంది.

నారాయణగూడ మెకానిక్ వెనక అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించి, కాలి బ్రేకును చేతికి మార్చాడు. మా గల్లీలోనే అటూ ఇటూ తిప్పి అక్క వారంలో నడపడం నేర్చేసుకుంది. అలా మార్చిన బండి రోడ్డెక్కాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి ఒప్పుకోవాలి. ఆయనకు చూపించే రోజుకు మర్నాడు సాయంత్రమే నా ప్రయాణం, అందుకని అనుమతి ఆ రోజే రావాలి. పద్ధతి నాకు పుట్టుజబ్బు. హారన్, ముందు లైటు, వెనక ఎర్ర లైటు, చక్రాల పక్కన చీకట్లో మెరిసే బిళ్ళలు, అన్నీ రెండుసార్లు చూసుకునే బండినీ అక్కనూ పరీక్ష మైదానానికి తీసుకెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ హారన్ కొట్టి చూశాడు. అక్కతో మైదానం చుట్టూ తిప్పించాడు. బ్రేకు బాగానే పట్టింది. చివరికి హ్యాండిల్ వైపు చూసి, "షీషా ఏదయ్యా?" అన్నాడు.

మేం పాలమూరు నుంచి వచ్చినవాళ్ళం, నా ఉర్దూ అంతంతమాత్రం. నాకు సీసా అని వినిపించింది. మామూలు కింద మందు సీసా అడుగుతున్నాడనుకుని ఛాతీ విరుచుకుని, "సార్, మా ఇంటావంటా లేదు. మేం తాగం, ఎవరికీ తాపియ్యం" అన్నాను. అక్క బండి మీదే పడీపడీ నవ్వింది. "అద్దమురా పరేషాన్‌గా! ఎనకొచ్చేటోళ్ళను చూసే అద్దం!" ఇన్‌స్పెక్టర్ తాపీగా, "నేను గూడ తాగనయ్యా. జర జల్ది పోయి పెట్టించుకొని రా" అన్నాడు. మెకానిక్ దగ్గరికి పరుగెత్తి అద్దం తెచ్చి నేనే బిగించాను. బండి పాసయింది.

మర్నాడు పొద్దున అక్క ఒక్కతే బయలుదేరింది. "పైలం అక్కా" అన్నాను. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. మనసు చివుక్కుమంది. సాయంత్రం పెట్టె పట్టుకుని ఆ మాటే అన్నాను.

"ఎందుకు తిరగాలె? నువ్వు బిగించిన షీషల నువ్వే కనబడ్డవ్, గల్లీ మలుపు దాక. చెయ్యన్న ఊపుతవేమో అని చూసిన."

ఆ తర్వాత మేమిద్దరం ఒకే ఊళ్ళో ఉండే యోగం పట్టలేదు. ఇప్పుడు అక్క లేదు. అశోక్ నగర్‌లో పొద్దున నడకకు వెళ్ళినప్పుడు, ముందు పోయే స్కూటర్ అద్దం తళుక్కుమంటే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. లిఫ్ట్ అడుగుతున్నాననుకుని ఒకరిద్దరు ఆగారు కూడా. "ఏడికి పోవాలె పెద్దాయనా?" అంటే, బషీర్‌బాగ్ అని నోటిదాకా వస్తుంది.