అవ్వ నూలు తొట్టి, నా కూలర్

ఈ పొద్దున దోమల నివారణకని మున్సిపాలిటీ సిబ్బంది మా వాకిట్లోకి వచ్చారు. నిల్వ నీళ్లు కనబడితే పారబోయడం వాళ్ల పని. వాళ్లలో ఒకామె నేరుగా వెళ్లి మా అవ్వ తొట్టి మీద చేతులు వేసింది. అందులో నూలు నానుతోంది. రంగు పట్టాలని బూడిద నీళ్లు, నూనె పోసి అవ్వ పదిహేను రోజులుగా పిసుకుతున్న నూలు అది. రేపే రంగు అద్దకం.

నేను అడ్డం నిలబడి మా వార్డు కౌన్సిలర్‌కు ఫోన్ కలిపాను. ఆయన ఎత్తలేదు. ఆమె తొట్టి వంచబోయింది. అవ్వ మోచేతుల దాకా చేతులు తొట్టిలో ముంచి కూర్చుంది.

"వంచుతే నన్ను గూడ వంచు బిడ్డా."

మున్సిపాలిటీ ఆమె వంగి తొట్టిలోకి టార్చి వేసింది, వాసన చూసింది.

"నూనె తేలుతాంది గదవ్వా. దోమలు పుట్టొద్దని మేం మురికి మోరీలల్ల ఏసేది గూడ నూనెనే. గిది ఉండనియ్యి."

తర్వాత టార్చి ఎండాకాలం నుంచి నేను ఖాళీ చేయని కూలర్ మీదికి తిరిగింది. నీళ్ల నిండా దోమ పురుగులు.

"మరి గిది ఎవరిది సారూ?"

సరిగ్గా అప్పుడే కౌన్సిలర్ తిరిగి ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?