కథలు ఆగిపోయిన శీతాకాలం

ఇందులో ప్రతి మాటా నిజమేనని మా ఆవిడ కాచే టీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఆస్పత్రి క్యాంటీన్ టీ మీద ఎవరైనా చేస్తారు, దానికి విలువ లేదు.

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్న రోజులవి. నేను వేళకు వెళ్లింది తక్కువ. అయితే ఉత్తచేతులతో వెళ్లేవాణ్ణి కాదు, ఆలస్యానికి తగ్గ కథ ఒకటి పట్టుకెళ్లేవాణ్ణి. నది వంతెన మీద సీగల్ పక్షి ఒకటి నా కారు తాళాలు ఎత్తుకుపోయి, బేరమాడి, చేపముక్కకు తిరిగిచ్చిందని చెబితే వార్డంతా నవ్వింది. ఆ నవ్వులో ఆలస్యం కొట్టుకుపోయింది.

గుండె ఆగిన మనిషి పక్కన నా బుర్ర పాదరసంలా పనిచేసేది. అదే మనిషి బాగుపడి ఇంటికెళ్లాక రాయాల్సిన డిశ్చార్జి ఉత్తరం మాత్రం వారాల తరబడి కదిలేది కాదు. ఉద్యోగం పోతుందని నన్ను నేనే భయపెట్టుకుంటే తప్ప చెయ్యి ఆడేది కాదు. ఉత్తరాలకంటే ఎమర్జెన్సీలే సులువు కనుక, తోటి తెలుగు డాక్టర్లు ఎవరు డ్యూటీ మార్చుకోమన్నా ఒప్పుకునేవాణ్ణి.

"అన్నా, అత్తగారు వాళ్లొస్తున్నారు. శనివారం రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ నువ్వు చూసుకోవా?"

"మీ అత్తగారిని నేను చూసుకుంటాలే, ఆన్‌కాల్ నువ్వే చెయ్యి" అనేవాణ్ణి. తీరా ఆన్‌కాల్ నేనే చేసేవాణ్ణి.

ఆ శీతాకాలం భయం కూడా పనిచెయ్యడం మానేసింది. ఎంత బెదిరించుకున్నా లోపల ఏదీ ఉలిక్కిపడేది కాదు. సెలవు పెట్టి వారం పడుకుంటే, లేచాక అంతే అలసట. ఏదో తేడా ఉందని ముందు పసిగట్టింది మా ఆవిడ.

"ఇవాళ ఎందుకు లేటయిందండీ?" అంది అన్నం వడ్డిస్తూ.

"లేటయింది. అంతే."

గరిటె కింద పెట్టేసింది. "పెళ్లయిన దగ్గర్నుంచి మీరు దీనికి ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు. ఈమధ్య అన్నీ నిజాలే చెబుతున్నారు. నాకు భయమేస్తోంది."

నవ్వబోయాను. రాలేదు.

మర్నాడు ఆస్పత్రి కారు పార్కులో ఇంజిన్ ఆపి కూర్చుండిపోయాను. తలుపు తియ్యాలని తెలుసు. చెయ్యి లేవలేదు. బయట వాన. చాలాసేపటికి నాకు నేనే సర్దిచెప్పుకుని, దిగి, నేరుగా మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరమ్మ, దగ్గరికి వెళ్లాను.

పని ఎక్కువైందా అని అడిగిందామె. పని కాదు, పని మొదలుపెట్టడమే నన్ను అరగదీసిందని చెప్పాను. చిన్నప్పటి బడి సంగతులు అడిగి స్పెషలిస్టు దగ్గరికి పంపింది. చాలా నెలల తర్వాత ఆయన ఏడీహెచ్‌డీ అన్నాడు, ధ్యాస ఒకచోట కుదురుగా నిలవని లోపం. నలభై దాటిన డాక్టరుకు ఆ పేరు పిల్లల వార్డు నుంచి దారి తప్పి వచ్చినట్టనిపించింది. పుట్టినప్పటినుంచి ఉన్నదాన్ని భయంతో తోలుకుంటూ వచ్చానని, తోలే బలం ఇప్పుడు అయిపోయిందని ఆయన నెమ్మదిగా వివరించాడు.

మన తెలుగువాళ్లకు మాత్రం సెలవు నడుం నొప్పికని మా ఆవిడ చేత చెప్పించాను. మనవాళ్లంటే డాక్టర్లే కదా. ఆ ఆదివారమే ఎముకల డాక్టర్లు ఇద్దరు పులిహోర పట్టుకొచ్చి, హాల్లో నన్ను నిలబెట్టి వంగమన్నారు. సులువుగా వంగేశాను. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. అప్పుడిక అసలు సంగతి చెప్పేశాను. ఒకాయన, "నేనూ ఒకసారి చూపించుకోవాలేమో" అన్నాడు.

కోలుకోవడం నత్తనడకే. మాత్రలు, సగం రోజుల పని. ఉత్తరాలు రాసేటప్పుడు మా సెక్రటరీని అదే గదిలో కూర్చుని తన పని చేసుకోమన్నాను. పక్కన మనిషి ఉంటే చెయ్యి ఆడుతుంది, ఎందుకో అడక్కండి. "లేదు తమ్ముడూ, ఈ శనివారం కుదరదు" అనడం మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

ఇక ప్రమాణం సంగతి. కారులోంచి నేనే దిగానన్నది కల్పన. ఫోను ఎత్తకపోయేసరికి మా ఆవిడ తన పని వదిలేసి మెట్రోలో వచ్చింది. తడి కోటుతో పక్క సీట్లో కూర్చుని, "ఏం చెప్పక్కర్లేదు" అంది. కాసేపయ్యాక నన్ను పక్క సీట్లోకి జరిపి, జీపీ దగ్గరికి బండి తోలింది కూడా ఆవిడే.

నేనే దిగానని రాసింది చదివి, "మీరే దిగారా?" అంది. ఎన్నాళ్లకు మళ్లీ ఒక కథ అని నవ్వి, ఆ వాక్యం కొట్టెయ్యొద్దంది.