గాజుపెట్టెలో రెండు పుస్తకాలు

శాలిబండలో ఆగమ్మను ఎరగని మేస్త్రీ లేడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నెత్తి మీద సున్నం తట్ట దిగలేదు. ఆ పేరు మాత్రం కన్నవాళ్లు పెట్టింది కాదు. పాతబస్తీ ముసలివాళ్లు ఇప్పటికీ తుగ్యానీ అని తలుచుకునే 1908 నాటి మూసీ వరదలో, నాలుగేళ్ల పిల్లగా ఒక దూలానికి వేలాడుతూ దొరికింది. ఎవరో ఆమె మణికట్టును చీర కొంగుతో దూలానికి కట్టారు. ఆ చేతులు తల్లివే అయి ఉంటాయని ఆమె నమ్మకం. ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాదు. గంజి పోసే కేంద్రం నుంచి శివయ్య అనే సున్నం పనివాడు ఆమెను ఎత్తుకొచ్చి పెంచుకున్నాడు. దిక్కులేక ఆగమైన పిల్ల కదా అని వాడకట్టువాళ్లు ఆగమ్మ అన్నారు. పెళ్లయింది, రెండు కాన్పుల్లోనూ బిడ్డలు దక్కలేదు, మొగుడు కలరాలో పోయాడు. శివయ్య దంపతులు కూడా పోయాక ఆమెకు నా అనేవాళ్లు లేరు.

పక్క గదిలో అద్దెకుండే ప్రకాశానికి 1957లో కొత్తగా కావలి పని దొరికింది. నవాబుల కాలం నాటి పాత భవంతి, దేవిడీ ఒకటి బాగుచేసి, అందులో పెట్టిన నగర చరిత్ర మ్యూజియంలోనే ఆ పని. అక్కడ తుగ్యానీకి ఒక గది ఉందనీ, ఫోటోలతో పాటు ఆనాటి సహాయ కేంద్రం పుస్తకాలు కూడా ఉన్నాయనీ అతను వచ్చి చెప్పాడు. ఆగమ్మ వానాకాలమంతా వాయిదా వేసింది. యాభై ఏళ్ల కిందట పోయినవాళ్లను చూసి చేసేదేముంది అన్నది. దసరా ముందు మేస్త్రీకి జ్వరమొచ్చి పని ఆగింది. ఆ రోజు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది.

లోపల ఎవరూ అడగకపోయినా చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది. కత్తులు, నాణేలు, నవాబుల పటాలు దాటుకుని తుగ్యానీ గదికి వచ్చింది. ఫోటోల్లో విరిగిన వంతెనలున్నాయి, నీళ్లలో మునిగిన ఇండ్లున్నాయి. మనుషుల ముఖాలు నువ్వు గింజలంత. ఒక్కొక్క ముఖం దగ్గరా నిలబడి చూసింది. వాటి కింద గాజుపెట్టెలో ఉర్దూలో రాసిన రెండు లావు పుస్తకాలు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి.

ప్రకాశం వెళ్లి గుమాస్తా జగన్నాథాన్ని పిలుచుకొచ్చాడు. ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. మొదట విసుక్కున్నాడు గానీ, ఆమె అసలు సంగతి విన్నాక తాళం తెచ్చి పెట్టె తెరిచాడు. మొదటి పుస్తకం దొరికిన పిల్లలది. వేలు పెట్టి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఆడపిల్ల, సుమారు నాలుగేళ్లు, పేరు చెప్పడం లేదు, ఎడమ మడమ పైన పాత కాలిన మచ్చ. నాలుగో రోజున శాలిబండ శివయ్యకు అప్పగించడమైనది.

ఆగమ్మ ఎడమ కాలి మీది చీర కుచ్చిళ్లు కొద్దిగా ఎత్తింది. మచ్చ అక్కడే ఉంది. ప్రకాశం ముఖం విప్పారింది.

రెండో పుస్తకం వెతుక్కుంటూ వచ్చినవాళ్లది. జగన్నాథం దాన్ని చాలాసేపు చదివాడు.

“మలక్‌పేట గుర్రపు పందేల మైదానంల గుర్రాలు చూసుకునే సాయీసు బాలనర్సింహ,” అన్నాడు. “వరదనాడు గుర్రాల కాడ ఉన్నడంట. భార్య, పిల్లలు పుట్టింటికొచ్చి నది ఒడ్డున ఉండిన్రు. బిడ్డ నీలమ్మ, నాలుగేండ్లు. ఎడమ మడమ మీద కాలిన మచ్చ.”

“వచ్చిండా?” అని అడిగింది ఆగమ్మ.

“ఆరో రోజు వచ్చిండమ్మా. లేదని రాసిన్రు. తొమ్మిదో రోజు మళ్ల వచ్చిండు. లేదు.” ఆయన పేజీ తిప్పాడు. “ఏడుసార్లు వచ్చిండు. ఏడు వేలిముద్రలున్నయి. ఎవలు గూడ పక్క పుస్తకం తెరిచి చూడలే.”

ఆగమ్మ ఆ వేలిముద్రలను చూసింది. ముట్టుకోవచ్చా అని అడిగింది. జగన్నాథం తల ఊపాడు గానీ, ఆమె చెయ్యి అక్కడిదాకా పోలేదు.

ఆ మధ్యాహ్నమే మలక్‌పేట పోయింది. ఏడేళ్ల కిందట ఆ మైదానం గోడకు సున్నం మోస్తూ మూడు నెలలు అదే దారిన నడిచింది. సాయీసుల బస్తీలో బాలనర్సింహ ఇల్లు అడిగితే, ఆయన చనిపోయి నాలుగేళ్లయిందనీ, బిడ్డ నీలమ్మ ఉందనీ ఒక ఇల్లు చూపించారు. తన పేరు తనకంటే ముందే ఆ ఇంట్లో ఉందని ఆగమ్మకు అప్పుడు తెలిసింది.

గడపలో బియ్యం చెరుగుతున్న ఆడమనిషికి నలభై అయిదేళ్లుంటాయి. ఆమె బాలనర్సింహ రెండో పెళ్లి బిడ్డ. ఆగమ్మ మ్యూజియంలో విన్నదంతా చెప్పింది. నీలమ్మ చేట పక్కన పెట్టింది. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్టు, తండ్రి సంగతి చెప్పింది. ఏ జాతరకు పోయినా ఆడపిల్లల కాళ్లు చూస్తూ తిరిగేవాడట. ఒకసారి అందుకే జనం పట్టుకుని తన్నారట. మూడు పళ్లు ఊడాయి. అయినా మానలేదు. మంచం పట్టాక కూడా, నీళ్లిచ్చే మనిషి కాళ్ల వైపే చూసేవాడట.

ఆగమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తబోయింది.

“చూపియ్యకు,” అన్నది నీలమ్మ. “చూస్తే నమ్మాల్సొస్తది.”

“నాకు ఇల్లొద్దు, ఏమొద్దు చెల్లే. బాపు ఎట్లుంటుండెనో జర చెప్పు, చాలు.”

“నన్ను పిలిచినప్పుడల్లా నిన్నే పిలిచిండు. బతికినన్ని దినాలు నా మొఖంల నిన్నే దేవులాడిండు. నేను ఆయనకు ఎన్నడు దొరకలే. ఇప్పుడొచ్చి ఎట్లుండెనని నన్నడుగుతున్నవ్.” ఆమె లేచి నిలబడింది. “నాకేం ఎరుక? పో అక్కా.”

అక్కా అని అన్నది గానీ, తలుపు మాత్రం మూసింది. లోపల గొళ్లెం పడిన చప్పుడు, ఆ వెంటనే ఏడుపు వినిపించాయి. ఆగమ్మ తలుపు తట్టలేదు. పొద్దుగూకక ముందే శాలిబండకు నడిచి వచ్చింది.

మళ్లీ సున్నం పనికి పోయింది గానీ, తట్ట ఎత్తుకున్నాక ఎటు పోవాలో మరిచి నిలబడిపోయేది. అన్నం వండుకుని తినకుండా వదిలేసేది. పండగ పోయాక ప్రకాశం ఒక కబురు తెచ్చాడు. మ్యూజియం పెద్దసారు ఒప్పుకున్నాడు, బాలనర్సింహ వేలిముద్రలున్న పేజీలో పిల్ల దొరికిందని ఒక చీటీ పెడతారు, ఆగమ్మ వచ్చి వేలిముద్ర వేస్తే చాలని జగన్నాథం చెప్పి పంపాడు. ప్రకాశం ఆ మాట ఎంతో సంబరంగా చెప్పాడు.

ఆగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“ఎవలకోసం రాస్తరు తమ్మీ?” అన్నది. “అడిగేటాయన పోయిండు.”

ప్రకాశం మరో రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె పోలేదు. చీటీ పెట్టలేదు.