చైనుకు వేలెడు వదులు

ఇట్లా దగ్గరికి జరగండి, చాప మీద చోటుంది. చేతిలో ఫోను కాసేపు పక్కన పెట్టి వినండి.

ఉప్పుగూడ స్టేషన్ దారిలో మాకు సైకిల్ షాపు ఉంది. నేను చదివింది ఐదో తరగతే. కానీ పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి మా ఆయన పక్కన కూర్చుని ఎన్ని చైన్లు ఎక్కించానో! ఎక్కించాక మధ్యలో వేలితో నొక్కి చూస్తాం. వేలెడు కిందికి దిగితే సరి. బిగుతుగా ఉంటే తొక్కేవాడి మోకాళ్ళు పోతాయి.

మా బిడ్డ ఇంజనీరింగ్ రెండో ఏడు. పోటీ కోసం నలుగురు ఆడపిల్లలు కలిసి రోబో ఒకటి చేశారు. దాన్ని నడిపించే చక్రాలు, మోటార్లు, చైన్ల పని మా బిడ్డది. ఒక్కో పక్క రెండు చక్రాలు, వాటిని కలుపుతూ ఒక చైను. ఇరుసు దూర్చే రంధ్రం గుండ్రంగా కాక పొడుగ్గా కోయించింది, ఇరుసును వెనక్కి లాగి చైను బిగించుకోవచ్చని. నెల రోజులు కాగితాల మీద గీసింది. పోటీకి ముందు రోజు సాయంత్రం నాలుగింటికి కాలేజీలో తనిఖీ. అక్కడ ముందుకూ వెనక్కీ నడవకపోతే మరునాటి పోటీకి రానివ్వరు.

ఆ మధ్యాహ్నం బిడ్డ షాపు ముందు దాన్ని పెట్టుకుని కూర్చుంది. నేను చైను నొక్కి చూశాను. వేలు దిగలేదు.

"ఏంది బిడ్డా, గింత టైటా? మోటార్ సచ్చిపోతది. జర లూజ్ చెయ్."

"అమ్మా, లెక్క చేసే పెట్టిన."

"నువ్వు పుట్టకముందు నుంచి చైన్లు ఎక్కిస్తున్నం మేం. చెయ్ అంటున్న గదా!"

పాపం, చేసింది.

రోడ్డు మీద రోబో ముందుకు చక్కగా నడిచింది. నేను మా ఆయన వైపు గర్వంగా చూశాను కూడా. తర్వాత బిడ్డ దాన్ని వెనక్కి నడిపించింది. టక్కుమంది. ఎడమ చైను చక్రం పళ్ళు దాటి ఇరుసుకు చుట్టుకుని, ఒక లింకు వంకర పోయింది.

బిడ్డ వంగి ఇరుసుకు చుట్టుకున్న చైనును విప్పసాగింది. టైము రెండు దాటింది.

"అయిందా? నీ వేలికి సల్లబడ్డదా?" అన్నాడు మా ఆయన.

అప్పుడు తట్టింది నాకు. సైకిల్‌కు వెనక్కి నడిచే పని లేదు. ఎప్పుడూ పై చైను బిగుతు, కింది చైను వదులు. ఈ రోబో వెనక్కి నడవగానే ఆ వదులంతా ఒక్కసారి పైకి వచ్చిపడింది.

"తప్పు నాదే బిడ్డా. నువ్వు పెట్టిందే కరెక్టు."

"గిప్పుడు గదంతా ఎందుకమ్మా. లింకు కొట్టు, జల్దీ."

వంకర లింకు పిన్నును సుత్తితో బయటికి కొట్టాను. కొత్త లింకు వేస్తుంటే పిన్ను రెండుసార్లు జారింది. మూడోసారి కూర్చుంది. బిడ్డ ఇరుసును వెనక్కి లాగి పట్టుకుంటే మా ఆయన నట్టు తిప్పాడు.

"చాలా బిడ్డా?"

"ఇంకొంచెం బాపు."

ఆ కొంచెం ఎంతో దానికే తెలుసు. నేను వేలు పెట్టలేదు.

ఆటోలో రోబోను ఒళ్ళో పెట్టుకుని కాలేజీకి పోయేసరికి నాలుగింటికి పది నిమిషాలే ఉన్నాయి. తనిఖీ చేసే సారు ముందుకు నడపమన్నాడు. నడిచింది. వెనక్కి అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

మోటార్ల మూలుగు తప్ప ఏ చప్పుడూ లేదు. కళ్ళు తెరిస్తే రోబో బయలుదేరిన గీత దగ్గరికే వచ్చి నిలబడి ఉంది. సారు కాగితం మీద టిక్కు పెట్టాడు.

"అమ్మా, ఊపిరి తీసుకో ఇగ," అంది బిడ్డ.

ఓపిగ్గా విన్నారు. మీ ఇంటి పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ పొంగుతూ ఉండాలి, మీ పిల్లలు పట్టిన ప్రతి పనీ నిలబడాలి, బయటికి పోయినవాళ్ళందరూ మీ గడపలోకి నవ్వుకుంటూ రావాలి.