ఒక్క దిక్కు పోయే బండ్లు

కంఠేశ్వర్‌లో మా గోడకు అవతలి ఇంటి లెక్కల టీచరమ్మ పోయిన వారం కన్నుమూసింది. కబురు విని పరుగెత్తాను. గేటు ముందు చెప్పుల కుప్ప చూసి నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, అసూయ. నేను పోయిన రోజున ఇందులో సగమైనా ఉంటాయా అనిపించింది.

నేను బడికి పోయినవాడిని కాను. కూడబలుక్కుంటూ పురాణం నేర్చుకున్నాను. చావు జరిగిన ఇళ్లలో జీవుడు యమపురికి నడిచే దారి గురించి చెబుతాను. నీడ లేదు, నీళ్లు లేవు అని గర్జిస్తే పెద్దపెద్దవాళ్లు వణుకుతారు. నా మనవరాలు మాత్రం సాయంత్రమైతే గోడ దూకి టీచరమ్మ అరుగు మీద వాలేది. ఆ పిల్ల ఒక్క అధ్యాయమైనా నా ముందు కూర్చుని వినాలని నా ఆశ.

అరుగు మీద టీచరమ్మ పిల్లలకు చెప్పేవన్నీ చెరుకు బండ్ల లెక్కలే. "ఎడ్లబండి ముందుగాల బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి ఎల్లింది. ఎనుక ట్రాక్టర్ పోతున్నది. యాడ అందుకుంటది? ఆగుండ్రి, అంకెలు ముట్టకుండ్రి. ముందుగాల తొవ్వ గియ్యుండ్రి. ఎవలు ఎటు పోతున్నరో చూడుండ్రి. ఎదురెదురు వస్తే వేగాలు కలపాలె, ఒక్క దిక్కు పోతే తీసెయ్యాలె."

ఒకసారి ఒక ఇంట్లో యమపురి ఎన్ని యోజనాలో చెబుతున్నాను. టీచరమ్మ పక్కన కూర్చున్న మనవరాలు లేచింది.

"తాతా, తొవ్వ పొడుగు చెప్పినవ్. జీవుడు దినాం ఎంత నడుస్తడో చెప్పకపోతివి. ఎప్పుడు చేరుతడు మరి?"

చావింట్లో నవ్వులు. "యముని తొవ్వకు లెక్క కడతవా?" అని ఉరిమాను.

"కట్టనీ అన్నా," అంది టీచరమ్మ. "చెవి పెట్టి విన్నది గాబట్టే అడిగింది."

ఆ వినడం కూడా ఆమె నేర్పిందే. అరిషడ్వర్గాల్లో ఆరోది మాత్సర్యమని మైకులో అరుస్తాను. ఆ ఆరోది మా గోడ మీదే కూర్చుని ఉండేది. ఆ సాయంత్రం గోడ దగ్గర అడిగేశాను.

"నా మనవరాలిని గుంజుకున్నవ్, టీచరమ్మా."

"గుంజుకోలే అన్నా. నువ్వు, నేను ఒక్క దిక్కే పోతున్నం. గందుకే మన నడుమ తీసివేత."

నిన్న టీచరమ్మ ఇంట్లో పురాణం చెప్పమని నన్నే పిలిచారు. అరుగు మీద కూర్చుని అదే అధ్యాయం తెరిచాను. మనవరాలు వచ్చి, ఎవరూ పిలవకుండానే, నా ఎదురుగా కూర్చుంది. చివరిదాకా వింది. తర్వాత మెల్లగా అడిగింది.

"తాతా, టీచరమ్మ ముందుగాల పోయింది. నువ్వు ఎనుక పోతవు గదా. యాడ అందుకుంటవ్?"

ఎవరూ నవ్వలేదు. పుస్తకం మూశాను. కిటికీలో టీచరమ్మ చాక్‌పీస్ ముక్క ఉంటే తీసుకుని అరుగు మీద పొడవుగా తొవ్వ గీశాను. ముందు ఒక బాణం గుర్తు పెట్టాను. బాగా వెనక ఇంకొకటి. రెండూ ఒక్క దిక్కే.

ఈ రోజు కూడా వచ్చేవాళ్లు ఆ గీత తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు. గేటు ముందు చెప్పులు ఇంకా పెరుగుతున్నాయి.