బెత్తెడు సందు

వడ్ల ఎల్లన్నది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో ఎడ్లబండ్లు చేసేవారు. ట్రాక్టర్లు వచ్చి బండి అడిగేవాళ్లు తగ్గిపోయాక, ఎల్లన్న ఉలి, బాడిస అటక మీద పెట్టి, కోరుట్లలో వెల్డింగు నేర్చుకుని, ఎనభై ఏడులో సౌదీకి వచ్చాడు. ఉనైజా ఊరి బయట అబూ నాసిర్ ఖర్జూర తోటలో పని దొరికింది. పంపు పైపులు, గేట్లు, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు, ఇనుముతో ఏది అతకాలన్నా ఎల్లన్నే. అబూ నాసిర్ అతని కఫీల్, పూచీ పడ్డ యజమాని. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది, సెలవు ఆయన మాట మీద ఉండేది. ఎల్లన్న అనే పేరుకు నోరు తిరగక ఆయన ‘నజ్జార్’ అని పిలిచేవాడు, వడ్రంగి అని. ఇనుము పని చేసేవాణ్ణి అలా పిలవడమేమిటని మిగతావాళ్లు నవ్వేవారు. ఎల్లన్నకు మాత్రం ఆ పిలుపు విన్నప్పుడల్లా కొంచెం హాయిగా ఉండేది.

అతను బయల్దేరేనాటికి భార్య దేవవ్వకు నాలుగో నెల. ఆడపిల్ల పుట్టిందని, కావ్య అని పేరు పెట్టామని ఉత్తరం వచ్చింది. రెండేళ్లకు వెళ్లాల్సింది, కాగితాలు కుదరలేదు. తొంభై ఆగస్టులో అంతా కుదిరింది, అప్పుడే కువైట్ గొడవ మొదలైంది. పెట్టె కట్టిన తాడు విప్పకుండానే మంచం కిందికి తోశాడు.

ఆ చలికాలమంతా హైవే మీద మిలిటరీ బండ్లు ఉత్తరానికి పోయేవి. మధ్యాహ్నం భోజనాల వేళ తోటలో అందరూ రేడియో దగ్గర చేరితే, ఎల్లన్న కంచె దగ్గర నిలబడి ఆ పొడుగు ట్రైలర్ల ఇరుసులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసేవాడు. అలా చూసిచూసి, పాత ఇనుము పోగుచేసి, ముప్పై అడుగుల ట్రైలర్ ఒకటి తనే తయారుచేశాడు. దాని ముందు భాగం బాతు మెడలాగా పైకి లేచి, పికప్ వెనక గోడ మీదుగా వచ్చి, తొట్టి మధ్యలో బిగించిన ఇనుప బంతి మీద దిగి కూర్చునేది. యుద్ధం జరిగినన్నాళ్లు ఆ ట్రైలర్ మీద ఖర్జూరాలూ నీళ్ల డ్రమ్ములూ తిరిగాయి. ఒక్కనాడు కూడా అది అడ్డం తిరగలేదు.

తొంభై ఒకటి సెప్టెంబరులో అబూ నాసిర్ పాత పికప్ అమ్మేసి, దమ్మాం నుంచి పెద్దది తెచ్చాడు. వెనక జంట చక్రాలు, మనిషి ఛాతీ దాకా తొట్టి గోడలు. దాన్ని నడపాల్సినవాడు ఖాజావలి. ప్రొద్దుటూరు మనిషి, పొట్టివాడు, నోరు మంచిది. ఐదు పూటలా నమాజు చేసేవాడు. ఎల్లన్న స్నానం చేసి పనిముట్లకు దండం పెట్టుకునే వేళకు గదిలో ఇంకెవరూ రాకుండా గుమ్మం దగ్గర తనే కూర్చునేవాడు.

“ఏంది ఎల్లన్నా ఇది! ఎక్కాలంటే నిచ్చెన కావాల్నే!”

“నువ్వు పొట్టిగున్నవని బండినెందుకు తిడ్తవు?”

“నన్నంటావు గానీ, నీ ట్రైలర్‌ను చూడు. మూతి పైకెత్తి సుక్కలు లెక్కబెడ్తాంది.”

నిజమే. కొత్త పికప్ తొట్టి పాతదానికంటే జానెడు ఎత్తు. తగిలిస్తే ట్రైలర్ ముందు లేచి, వెనక ఇరుసు మీద కుంగింది. బండికి వెనక బరువు పడితే ఏమవుతుందో ఎల్లన్నకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు పలుపులు బిగుస్తాయి, బండి ఒక దారీ ఎడ్లు ఒక దారీ అవుతాయి.

అబూ నాసిర్ వచ్చి చూశాడు. రియాద్ అవతల ఖర్జ్‌లో ఆయన తమ్ముడు కొత్త తోట వేస్తున్నాడు. నూట ఇరవై ఖర్జూర పిలకలు తల్లిచెట్ల నుంచి వేరుచేసి, వేళ్లకు గోనెపట్టాలు చుట్టి సిద్ధంగా ఉన్నాయి. అవి గురువారం తెల్లారి బయల్దేరాలి.

“నజ్జార్, శుక్రవారం నీ విమానం. పిలకలతో పాటు నువ్వూ పో. ఖాజా నిన్ను ఎయిర్‌పోర్టులో దింపుతాడు. ఈ ట్రైలర్ సంగతి ఆలోపల చూడు,” అన్నాడు. పాస్‌పోర్టు, ముద్ర పడిన సెలవు కాగితం అప్పటికే ఎల్లన్న చేతికి ఇచ్చాడు.

దారులు రెండు కనబడ్డాయి ఎల్లన్నకు. ట్రైలర్ ఇరుసుల్ని కమాన్ పట్టీల కిందికి మార్చి మొత్తం ఎత్తితే ఐదారు రోజులు పడుతుంది. లేదా మెడ నుంచి ఇనుప బంతి మీదికి దిగే స్తంభాన్ని జానెడు కోసేస్తే ఒక్కరోజు. ఒక్కరోజు పనే చేశాడు. కోసి, మళ్లీ అతికి, నీళ్ల గొట్టం పెట్టి మట్టం చూశాడు. ముందూ వెనకా సమంగా వచ్చింది. వాళ్ల ఇంట్లో బండి సరిగా కుదిరిందా లేదా అని చూసే లెక్క అదొక్కటే.

ఆ ఇంట్లో ఇంకొక వాడుక ఉంది. కొత్త బండి గానీ, బాగుచేసిన బండి గానీ, చేసినవాడు మొదట ఎక్కి పొలిమేర దాకా పోయిరావాలి. ఆ తరువాతే ఇచ్చేది. బుధవారం పొద్దున ఖాళీ ట్రైలర్ తగిలించి ఖాజావలి ఇంజను వేస్తే, ఎల్లన్న తొట్టిలో ఎక్కి వెనకకు తిరిగి కూర్చున్నాడు.

“క్యాబిన్లో సీటుండంగ ఆడ దుమ్ములో ఏంటికన్నా?”

“చేసినోడు పని ముంగట కూసోవాలె. పడితె వాడే మొదలు పడాలె. నువ్వు నడుపు.”

మట్టం మీద బాగానే వచ్చింది. తోట దాటాక వాది ఉంది, ఎప్పుడో వానపడితే తప్ప నీళ్లు రాని వాగు. దారి అందులోకి దిగుతుంది. పికప్ ముక్కు కిందికి వంగింది, ట్రైలర్ ఇంకా పైనే ఉంది. తొట్టి వెనక మూల లేచి ట్రైలర్ మెడను ముట్టుకుంది. చప్పుడు పెద్దదేం కాదు. గోడ మీద పెట్టిన అరచేతికి మాత్రం తెలిసింది. అవతలి గట్టు ఎక్కాక చూస్తే, మూల దగ్గర రంగు రూపాయి బిళ్లంత లేచిపోయి ఉంది.

మెడకూ గోడకూ మధ్య చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్లు పట్టాయి. బెత్తెడు. పాత పికప్‌కు అక్కడ జానా బెత్తెడు ఉండేది.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి వెంటనే అర్థమైంది. ఎద్దుకు వెనక గోడలుండవు. నొగ ఎంత వంగినా ఎద్దును తాకదు. అందుకే వాళ్ల నాయన గానీ, తాత గానీ మట్టం తప్ప ఇంకోటి చూడమని చెప్పలేదు. నిండు బరువుతో నిలువుగా ఉండే దిగుడులో మెడ వచ్చి గోడ మీద ఆనితే, అదే మీటలాగా పనిచేసి బంతి మీది పట్టును ఎగదన్నుతుంది. ఖర్జ్ దాకా అలాంటి దిగుళ్లు ఐదారున్నాయి.

ఖాజావలికి ఏమీ వినబడలేదు. “బాగుండాదన్నా, వెన్నలాగా వస్తాంది!” అన్నాడు కిటికీలోంచి తల బయటపెట్టి.

ఎల్లన్న తొట్టిలోకి ఎక్కి, తోట వైపు తిప్పమని చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం దాకా పిలకలు ఎక్కించారు. ఎల్లన్న కూడా ఎక్కించాడు. తినడానికి కూర్చున్నప్పుడు ఖాజావలి కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్లాడు. క్యాబిన్లో సీటు వెనక ఎల్లన్న పెట్టె పెట్టి, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ సంచి తొడిగి, మూలలు దారంతో కుడుతున్నాడు ఖాజావలి. పెట్టె మీద చిన్న జత చెప్పులు ఉన్నాయి, పాలిథీన్ కవరులో, ఎర్రవి.

“పాపకు. కొలత తెలీక రెండేళ్లు పోయినాక పట్టేటివే తెచ్చినా. పెరుగుతాది కదా.”

ఎల్లన్న పికప్ మెట్టు మీద కూర్చున్నాడు.

“ఖాజా, బండి పోవద్దు.”

“ఏమైందప్పా?”

చెప్పాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రంగు పోయిన చోటు చూపించాడు. ఖాజావలి ఆ సందులో చెయ్యి పెట్టి, తీసి, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“సరేగానీ ఇను. నేను మెల్లగా దింపుతా. మొదటి గేరులో, చీమ నడిచినట్టు. నువ్వు ఇమానం ఎక్కి పో. తిరిగొచ్చినాక సరిచేద్దువు. నాలుగేండ్లన్నా... నీ బిడ్డ మొగం సూడలేదు నువ్వు.”

“నువ్వు మెల్లగ పోతవు. ఎనుకొచ్చే లారోడు మెల్లగ రాడు గద.”

“అల్లా ఉండాడు.”

“ఉన్నడు. ఆయన సూపిచ్చిండు, నేను సూసిన. ఇంగ సూడనట్టు ఎట్లుండాలె? నీకేమన్న అయితె మాబున్నీకి నేనేం జెప్పాలె? ఇమానం టైమైందమ్మా అని జెప్పాల్నా?”

భార్య పేరు వచ్చేసరికి ఖాజావలి తిరిగి క్యాబిన్ దగ్గరికి నడిచాడు. కుట్టిన దారం కొరికి తెంపి పక్కన పెట్టాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇద్దరూ అబూ నాసిర్ దగ్గరికి వెళ్లారు. ఆయన వచ్చి పికప్ చుట్టూ తిరిగి, తన చెయ్యి కూడా ఆ సందులో పెట్టి చూశాడు.

“ఎవరు కోశారు ఇది?”

“నేనే.”

“పొద్దున తెలిసిందా?”

“పొద్దున్నే.”

“మరి ఇప్పుడు సాయంత్రం.”

ఎల్లన్న తల వంచుకున్నాడు. అబూ నాసిర్ కోపంగా ఉన్నాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. ఆయన తోటవాళ్లను కేకేశాడు. పిలకలన్నీ దింపి నీడలో పెట్టి, గోనెపట్టాలు తడపమన్నాడు. ఎల్లన్న వైపు తిరిగి, “ఎన్ని రోజులు?” అన్నాడు.

“ఐదు.”

“పిలకలు అంతకంటే ఆగవు,” అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

హైవే పక్కన వెల్డింగు షాపు పెట్టుకున్న పెషావరు మనిషి అబ్దుల్ ఘనీ, విషయం తెలిసి గురువారం పొద్దున్నే గ్యాస్ సిలిండర్లు రెండు దొర్లించుకుంటూ వచ్చాడు. “ఎల్లన్న భాయ్, తుమ్ కాటో, మై జోడ్తా హూఁ,” అన్నాడు, నువ్వు కొయ్యి, నేను అతుకుతా అని. శుక్రవారం మాత్రం నమాజు అయ్యేదాకా సెలవడిగి, అన్నం తినకుండానే తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నం, రియాద్‌లో విమానం లేచే వేళకు, ఎల్లన్న ట్రైలర్ కింద వెల్లకిలా పడుకుని పట్టీలకు బోల్టులు బిగిస్తున్నాడు. టైమెంతైందని ఎవరినీ అడగలేదు. ఘనీ తన చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

పని నాలుగు రోజుల్లో అయింది. ఇరుసులు పట్టీల కిందికి పోయాయి, కోసిన స్తంభం మళ్లీ పెరిగింది, మట్టం నిలబడింది. మెడ కింద చెయ్యి పెడితే జానెడు పైనే పట్టింది. ఈసారి ఎల్లన్న ట్రైలర్‌లో సగం పిలకలు ఎక్కించి మరీ వాదిలోకి దింపించాడు. ఆ దిగుడులో తొట్టిలో కూర్చుని, రెండు చేతులూ గోడ మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఏమీ తాకలేదు.

సోమవారం బయల్దేరి ఖాజావలి పిలకల్ని ఖర్జ్‌లో దించి వచ్చాడు. నూట ఇరవైలో తొమ్మిది ఎండిపోయాయి. ఎల్లన్న వల్లనే అవి పోయాయని అనేవాళ్లు తోటలో ఉన్నారు. అబూ నాసిర్ అనలేదు. సెలవు కాగితం గడువు దాటిపోయిన మూడో రోజు తనే జవాజాత్‌కు, అంటే పాస్‌పోర్టుల ఆఫీసుకు పోయి, పొద్దంతా వరుసలో నిలబడి, కొత్త ముద్ర వేయించుకొచ్చాడు. తెచ్చి ఎల్లన్న మంచం మీద పెట్టి, పంపుసెట్టు సంగతి ఏదో అడిగి వెళ్లిపోయాడు. యుద్ధం తరువాత బొంబాయి వైపు సీట్లు దొరకడం కష్టంగా ఉండేది. దొరికింది డిసెంబరులో.

ఈ సంగతంతా ఇంటికి చెప్పాలి. ఉత్తరంలో పట్టదని ఎల్లన్న క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి పోతున్న మనిషి చేతికిచ్చాడు. ఎడ్లు లేని ఆ బండి ఎత్తు, తొట్టి గోడ, మెడ, అన్నీ వివరంగా చెప్పాడు. దేవవ్వ కూడా వడ్లోళ్ల ఆడబిడ్డే, అర్థమవుతుంది. నెల దాటాక తిరుగు క్యాసెట్టు వచ్చింది. ఎల్లన్న, ఖాజావలి కలిసి విన్నారు.

“నువ్వు రాలేదని నాలుగు దినాలు ఏడ్సిన,” అంది దేవవ్వ గొంతు. “ఐదో దినం మళ్ల ఇన్న. మట్టం సూసినోడివి గోడ సూడకపోతివా? గింత తెల్వదా నీకు? సరే, ఆ డ్రైవరన్న సల్లగుండాలె. పిల్ల నీ మాటలు రోజు ఏపిచ్చుకోని ఇంటుంది. ఇగో, అదే మాట్లాడుతదట.”

కొంతసేపు గరగర. తరువాత సన్నటి గొంతు, చాలా దగ్గరగా: “బాపూ, ఎడ్లు లేవంటివి. మరి ఆ బండికి మేత ఏమేస్తరు?”

ఖాజావలి నవ్వబోయి ఎల్లన్న ముఖం చూసి ఆగిపోయాడు. ఎల్లన్న బటన్ నొక్కి మళ్లీ వినిపించుకున్నాడు. మూడోసారి విన్నాక, కొత్త క్యాసెట్టు పెట్టి, గొంతు సవరించుకుని అన్నాడు: “డీజిల్ తాగుతది బిడ్డా.”

డిసెంబరు రెండో వారంలో ఎల్లన్న ఇంటికి చేరాడు. పిల్ల రెండు రోజులు దగ్గరికి రాలేదు, తల్లి చీర వెనక నుంచే చూసింది. మూడో రోజు పొద్దున తనంతట తానే వచ్చి, మంచం పట్టె పట్టుకుని నిలబడి, డీజిల్ అంటే ఏందని అడిగింది.